చారు పక్షం, పచ్చిపులుసు పక్షం

రమది విశాఖపట్నం, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. సరోజది కరీంనగర్, బ్యాంకు ఉద్యోగం. తొంభైల చివర్లో, అమీర్‌పేట మైత్రీవనం గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల బోర్డులతో నిండిపోయిన రోజుల్లో, ఈ ఇద్దరూ మరో ఇద్దరమ్మాయిలతో, ఒకరిది నెల్లూరు, ఒకరిది కర్నూలు, కలిసి అక్కడే ఒక పై అంతస్తు వాటాలో అద్దెకు ఉండేవారు. ఇప్పుడు రమ కూతురు గచ్చిబౌలిలో స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్ తీసుకుంది. ఎండలు ముదిరాయి, అన్నంలోకి ఏం చేసుకుంటే బాగుంటుందని తల్లినీ, సరోజత్తనీ ఒకేసారి అడిగింది. ఒకరు మిరియాల చారు అన్నారు. ఇంకొకరు పచ్చిపులుసు అన్నారు. పిల్ల ఫోన్ పెట్టేసింది గానీ వీళ్ల వాదన ఆగలేదు.

రమ: మే నెలలో వేడి చారంటే మొహం చిట్లించేవాళ్లంతా చెమటను తిట్టుకునేవాళ్లే. ఆ చెమటే లేకపోతే ఈ ఎండలకు మనిషి బతకడు. చిన్న లెక్క చెబుతాను, విను. పావు లీటరు చారు, 60 డిగ్రీల వేడి మీద తాగావనుకో. ఒంటి వేడి 37. తేడా 23 డిగ్రీలు. అంటే ఆ చారు ఒంట్లోకి తెచ్చే వేడి ఆరు వేల కేలరీల లోపే. తిండి పొట్లాల మీద వేసే కేలరీలు కావులే, వాటిలో వెయ్యో వంతువి. ఒక గ్రాము చెమట ఆరితే దాదాపు 580 కేలరీలు పట్టుకుపోతుంది. అంటే పది గ్రాములు, రెండు టీ చెంచాల చెమట అదనంగా పట్టి ఆరితే చారు తెచ్చిన వేడి చెల్లు. ఆ పైన ఆరినదంతా లాభం.

సరోజ: లెక్క మంచిగనే ఉంది. మరి ఆ రెండు చెంచాలు ఆరాలె గద? మనముండే వాటా యాది చేసుకో. నెత్తి మీద స్లాబు, దాని మీద ఆకాశం. పొద్దంతా మింగిన ఎండను ఆ స్లాబు అర్ధరాత్రి దాకా మన మీద కక్కుతుండె. నల్లా తిప్పితే ట్యాంకు నీళ్లు చెయ్యి కాలుస్తుండె. అసొంటి ఇంట్ల నువ్వు పొయ్యి మీద తపేలా పెట్టి చారు మరగబెడుతుంటివి.

రమ: హైదరాబాద్ కాబట్టే మరగబెట్టాను. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉంటుంది. దండెం మీద ఆరేసిన చీర మడత పెట్టేలోపు ఎండిపోయేది, నువ్వే అనేదానివి. 2012లో కెనడాలోని ఒటావా విశ్వవిద్యాలయం వాళ్లు సైకిల్ తొక్కుతున్న మనుషుల చేత ఒకసారి చల్లటి నీళ్లూ, ఒకసారి 50 డిగ్రీల వేడి నీళ్లూ తాగించి కొలిచారు. వేడి నీళ్లు తాగినప్పుడే ఒంట్లో నిలవపడిన వేడి తక్కువ తేలింది. తాగినదాంతో వచ్చిన వేడి కంటే దాని వల్ల పెరిగిన చెమట తీసుకుపోయిన వేడి ఎక్కువ.

సరోజ: షరతేం పెట్టలేదా వాళ్లు? ఏదో ఒకటి ఉండే ఉంటది.

రమ: ఉంది. పట్టిన చెమట పూర్తిగా ఆరిపోయే గాలి ఉండాలి. కారిపోతే లాభం లేదు, ఆరాలి.

సరోజ: అట్ల చెప్పు. అంటే అది కూలర్‌కున్న షరతే. గడ్డి తడిగుండాలె, గాలి పొడిగుండాలె. ఎక్కడ కూలర్ పనిచేస్తదో అక్కడనే నీ చారు పనిచేస్తది. మరి మీ వైజాగ్‌ల కూలర్ పనిచేస్తదా?

రమ: ఎక్కడ పనిచేస్తుంది? సముద్రం మీంచి వచ్చే తేమే ఎక్కువనుకుంటే అది ఇంకాస్త కలుపుతుంది. ఒళ్లంతా జిడ్డు.

సరోజ: అయితే నీ సైన్సు ప్రకారం వేడి చారు తాగాల్సింది మేము. కరీంనగర్, రామగుండం దిక్కు మే నెలల 45 దాటే రోజులుంటయ్. గాలిల తడి అన్నది ఉండదు. మేమేమో తాతల నాటి నుంచి పచ్చిపులుసు పోసుకుంటం. చింతపండు చల్ల నీళ్లల్ల పిసికి, ఉల్లిగడ్డ సన్నగ కోసి, పచ్చిమిరపకాయ, ఉప్పు, జీలకర్ర నలిపి కలిపి, కొత్తిమీర చల్లి, ఇంట్ల ఉంటే వేయించిన నువ్వుల పొడి ఇంత. పొయ్యి అవసరం పోపు కాడికే. అది గూడ వద్దనుకుంటే లేదు. చెమట ఆరని ఊరోళ్లు మీరేమో పొగలు గక్కే చారు తాగుతరు. ఏ ఊరికి ఏది కావాల్నో దానికి ఉల్టా నడుస్తున్నది.

రమ: ఉల్టా మనదగ్గరే కాదు. కొరియాలో ఎండాకాలమంటే వానలూ, ఉక్కపోతా. అయినా జూలై, ఆగస్టుల్లో బోక్ రోజులని మూడు వస్తాయి, ఆ రోజుల్లో సియోల్‌లో సామ్‌గ్యేటాంగ్ హోటళ్ల ముందు జనం బారులు తీరతారు. లేత కోడి కడుపులో జిగురు బియ్యం, జిన్‌సెంగ్ వేరు, వెల్లుల్లి, ఎండు రేగుపళ్లు కూరి ఉడికించి, మట్టి గిన్నెలో కుతకుతలాడుతుండగానే తెచ్చి ముందు పెడతారు. వేడిని వేడితోనే జయించాలంటారు వాళ్లు.

సరోజ: స్పెయిన్ దక్షిణాన సెవిల్ అని ఉన్నది గద, అది మా రామగుండం బాపతు. ఎండకాలం 40 దాటుతది, గాలి పొడి. వాళ్లేం తాగుతరు? గాజ్‌పాచో. టమాట, దోసకాయ, ఎల్లిగడ్డ, నానిన రొట్టె, ఆలివ్ నూనె, సిర్కా అన్నీ పచ్చివే రుబ్బి చల్లగ తాగుతరు. పొయ్యే ముట్టియ్యరు. నువ్వు చెప్పిన కొరియావోళ్లు గూడ దోసకాయ ముక్కలు, సిర్కా, ఐసు ముక్కలు వేసి చల్లటి పులుసు చేసుకుంటరు. ఆ ముచ్చట దాటేసినవ్.

రమ: సరే, మా ఉత్తరాంధ్రలో తరవాణి ఉంది, అది చల్లనిదే. దాటేయను. నేననేది ఏమిటంటే, గాలిలో తేమను బట్టే జనం చారు పెట్టుకోవట్లేదు. అలాంటప్పుడు వేడి చారు తెలివితక్కువ పనని నువ్వూ తేల్చలేవు. 2018, 2019ల్లో రంజాన్ మే నెలలోనే మొదలైంది. నీళ్లు కూడా ముట్టకుండా పొద్దంతా ఉపవాసం ఉన్నవాళ్లు ఇఫ్తార్ అయ్యాక ఏం తిన్నారు? పొగలు కక్కే హలీం. వాళ్లతో పాటు ఊరంతా తింది. 2010లో హైదరాబాద్ హలీంకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని చల్లార్చి తినమను, ఎవరైనా ఒప్పుకుంటారేమో చూద్దాం.

సరోజ: హలీం తిన్నోళ్లను చూసినవ్. భట్టీ కాడ నిలబడ్డోళ్లను చూసినవా? మాంసం, గోధుమలు కలిసిపోయే దాకా కట్టె పట్టుకుని గంటలకొద్ది దంచుతరు. వాళ్లను అడుగు వేడి మంచిదా కాదా అని. ఎండకాలంల వేడి చారు మంచిదన్న మాట గిన్నె ముంగట కూసున్నోళ్లు చెప్తరు. పొయ్యి ముంగట నిలబడ్డోళ్లు చెప్పరు.

రమ: నేనూ నిలబడ్డాను. క్యాలెండర్ మీద నలుగురి వంతులూ రాసుకున్నాం. నా వంతు రోజున ఎప్పుడైనా తప్పించుకున్నానా?

సరోజ: తప్పించుకోలే. కానీ వంటింటి సంగతి చూడు. ఆ వంటింట్ల ఫ్యాను లేదు. గది ఫ్యాను గాలి అటు తిప్పుదమంటే స్టవ్ మంట ఆరిపోతది. కిటికీ తెరిస్తే గూడ అంతే. అంటే చారు మరిగినంత సేపు వండేటామెకు గాలి బంద్. నీ ఒటావావోళ్లు చెప్పిన షరతు ఆ వంటింట్ల ఎట్ల కుదిరింది? తాగేటోళ్ల చెమట కూలర్ ముంగట ఆరింది, వండేటామెది మెడ మీద కారింది. లాభం ఒకరికి, నష్టం ఒకరికి. ఆ లెక్క గూడ రాయాలె గద.

రమ: అది రాయాల్సిందే. నీ పులుసుకైతే ఆ బాధ లేదు. అయినా కారం సంగతి కొంచెం విను, అందులో నా పక్షానికి బలముంది. మిరపకాయలోని కారం, నిజమైన వేడి రెండూ నాలుక మీద ఒకే గ్రాహకాన్ని తడతాయి. డేవిడ్ జూలియస్ అనే ఆయన ఆ గ్రాహకాన్ని 1997లో పట్టుకున్నాడు, 2021లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. అందుకే ఘాటు తగలగానే మొహం మీద చెమట పోస్తుంది. కారం, వేడి రెండూ ఉన్నది మిరియాల చారు.

సరోజ: ఆగాగు. కారం, వేడి రెండూ ఒకటే తలుపు కొడితే, పొయ్యి ముట్టియ్యకుండనే ఆ తలుపు కొట్టొచ్చు గద? నా పచ్చిపులుసుల రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ నలుపుతా. చెమట వస్తది. కడుపుల పడ్డది చల్లగనే ఉంటది. గ్యాసు గూడ మిగులుతది. ఆయనకు నోబెల్ ఇచ్చింది నా పక్షాన్నే రమా.

రమ: బానే తిప్పావు. కానీ ఆకలి చచ్చిన రోజుల్లో చల్లటి పులుపు కంటే వేడి ద్రవమే లోపలికి దిగుతుంది. ఎండలో తిరిగొచ్చినవాళ్లకు ముద్ద మింగుడు పడదు. నీళ్లు, ఉప్పు, కాస్త పప్పుతేట, అన్నీ ఒక్క గ్లాసులో పోతాయి. అందులో చింతపండు, ఇంగువ, మిరియం. జ్వరం తగ్గినవాడికి పెట్టేదీ అదే కదా.

సరోజ: నీళ్లు, ఉప్పు, పులుపు నా దాంట్ల గూడ ఉన్నయ్. ఇంకోటి, వేడి మీద వేడి అన్న సరదా నీడల కూసున్నోళ్లది. 2015 ఎండలకు రెండు రాష్ట్రాలల్ల కలిపి రెండు వేల మందికి పైగ పోయిన్రు. కూలికి పోయేటోళ్లు, ముసలోళ్లే ఎక్కువ. వాళ్లకు ఎవరన్న వేడి చారు తాగుమని చెప్పిన్రా? మజ్జిగ, అంబలి, ఓఆర్ఎస్ అన్నరు. చలివేంద్రాలు పెట్టిన్రు.

రమ: ఎండ దెబ్బ తగిలినవాడికి చారు పొయ్యమని నేనెప్పుడూ అనను. సాయంత్రం ఏడున్నరకి, కూలర్ ఉన్న ఇంట్లో, నలుగురు ఆడపిల్లల సంగతి మాట్లాడుతున్నాను. అసలు నా వాదన ఒంటి వేడి గురించి కూడా కాదు సరోజా. వేడి చారు ఎవరి కోసమూ ఆగదు. దించాక పావుగంటలో తాగాలి. అందుకని అందరూ వచ్చి కూర్చోవాల్సిందే. నెల్లూరు అమ్మాయి తలకి నూనె రాసుకుంటున్నా, నువ్వు లెక్కల పుస్తకం ముందేసుకున్నా, నేను "దించేశానే" అని ఒక్క కేక వేస్తే ముగ్గురం పళ్లేలు పట్టుకుని కూర్చునేవాళ్లం. కింద చాప, మధ్యలో తపేలా, ఒకే గరిటె. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కునేవాళ్లం. అప్పుడే కదా ఎవరికి ఇంటర్వ్యూ పోయిందో, ఎవరింట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారో తెలిసేది. పచ్చిపులుసు చేసిన రోజున ఆ కేక అక్కర్లేదు. అది ఆరుకి ఎలా ఉందో తొమ్మిదికీ అలాగే ఉంటుంది. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు పోసుకుని తినేసి పడుకునేవారు. ఒక ఇంట్లో ఉన్నాం అనడానికి గుర్తేముంది అందులో?

సరోజ: నువ్వు "ముగ్గురం" అన్నవ్. మనం నలుగురం గద.

రమ: కర్నూలు అమ్మాయికి రాత్రి షిఫ్టు కదా.

సరోజ: అదే నేను చెప్పబోతున్న. ఆమె మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌ల చేస్తుండె. సాయంత్రం ఐదుకు పోతే తెల్లారినంక ఆరుకు వచ్చేది. చెవులల్ల అమెరికా డాక్టర్ల మాటలు, కడుపుల క్యాంటీన్ చాయ్. నీ కేక ఆమెకు ఎన్నడన్న ఇనబడ్డదా? నలుగురు అద్దె కట్టే ఇంట్ల ముగ్గురి టైముకే చారు దిగుతుండె.

రమ: ఆమెకు ఎప్పుడూ తీసి ఉంచేదాన్ని. మూత పెట్టి మరీ.

సరోజ: తీసి ఉంచుతుంటివి, కాదనను. తెల్లారి దాన్ని ఆమె మళ్ల కాచుకునేది. రెండోసారి కాగిన చారుల మిరియాల వాసన పోయి ఉట్టి పులుపు మిగులుతది. నిలబడి తాగి, గిన్నె కడిగి పండేది. నా పులుసు వంతు రోజు అట్ల కాకపోతుండె. గంజుకు తడిగుడ్డ చుట్టి రంజన్ పక్కన పెడుతుంటి. తెల్లారే సరికి ఇంకింత చల్లబడి ఉంటుండె.

రమ: రాత్రంతా నానిన ఉల్లిపాయ వాసన సంగతో?

సరోజ: నానకపోతుండె. ఆమె వాటా పులుసుల ఉల్లిగడ్డ వేయకపోతుంటి. ఒక ఉల్లిగడ్డ, ఒక కత్తి పక్కన పెట్టి పంటుంటి. వచ్చినంక కోసుకుని కలుపుకునేది. ఇంట్ల అందరు నిద్రపోతుంటే వచ్చినామె గూడ అప్పుడే చేసిన పులుసు తిన్నట్టు తినేది. ఇల్లంటే నీకు కలిసి తినుడు. నాకు లేనామెకు మిగిల్చి పెట్టుడు.

రమ: మిగల్చడం మంచితనం, ఒప్పుకుంటాను. కానీ మంచితనం ఒక్కదానితో స్నేహం అవదు. కర్నూలు అమ్మాయికి నువ్వు ఉల్లిపాయ పెట్టావు. ఆమె తిన్నది. ఇద్దరూ మాట్లాడుకున్నదెప్పుడు? ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో ఉన్న రోజున, నేను చారు దించితే, నలుగురం కూర్చుంటే, అప్పుడే కదా వాళ్ల నాన్న చీటీల్లో మునిగిపోయిన సంగతి నోరు విప్పి చెప్పింది! ఆ తర్వాతే ఆ నెల అద్దె మనం ముగ్గురం పంచుకున్నాం. ఒక చోట కూర్చోకపోతే అది తెలిసేదే కాదు.

సరోజ: తెలిసింది ఆదివారం. కానీ ఆమె అంతకు ముందు మన దగ్గర నోరు విప్పే ధైర్యం ఎట్ల తెచ్చుకుంది? మిగిలిన ఆరు రోజులు ఈ ఇంట్ల తన కోసం ఒకరు యాది పెట్టుకుంటున్నరని ఆమెకు ఎరుక గనుక.

రమ: అలా అంటే ఇక నీ పులుసులో లేని గుణం లేదు! ఒక్కటి చెప్పు. ఎంసెట్ కౌన్సెలింగ్ అని ఎవరి తమ్ముడో, సర్టిఫికెట్ల పనని ఎవరి బాబాయో చెప్పకుండా దిగేవారు. ఆ పూట చారు ఆదుకోలేదూ? గ్లాసుడు నీళ్లు, చిటికెడు ఉప్పు, ఇంకాస్త పొడి వేసి ఒక పొంగు రానిస్తే ఇంకో ఇద్దరికి సరిపోయేది.

సరోజ: ఆ పొంగుకు గ్యాసు ఎక్కడిది? మనకు కనెక్షన్ లేకపోయె. అడ్రస్ ప్రూఫ్ ఎవరిస్తరు అద్దె పిల్లలకు? ఐదు కిలోల చిన్న సిలిండర్ దుకాణంల నింపించి మెట్లెక్కి మోసుకొస్తుంటిమి. నెలాఖరుకు నీలి మంట ఎర్రబడంగనే అందరి మొఖాలు మాడుతుండె. ఆ వారం నా పులుసే దిక్కు. చుట్టం వస్తే దాంట్ల గూడ గ్లాసు నీళ్లు పోస్తుంటిమి, అగ్గిపుల్ల ఖర్చు గూడ లేకుండ. ఇంక కడుగుడు సంగతి. అప్పుడు నల్లా దినం తప్పి దినం వచ్చేది. అడుగంటిన తపేలాకు ఎన్ని నీళ్లు పట్టేవి? పులుసు గంజు ఒక్క చెంబుతోని అయిపోయేది.

రమ: నీకు సిలిండరూ, నల్లా గుర్తున్నాయి. నాకు కరెంటు పోయిన రాత్రి తపేలా ఎత్తుకుని డాబా మీదికి పోవడం గుర్తుంది. ఓనర్ ఆంటీ కింద నుంచి "ఆ నవ్వులేంటమ్మా" అని అరవడం గుర్తుంది.

సరోజ: ఆ తపేలా కిందికి తెచ్చింది నేను.

రమ: తెచ్చి ఉంటావు. ఇంతకీ పిల్ల సంగతి చూద్దాం. వాళ్ల ఫ్లాట్‌కి మొన్న వెళ్లాను. నలుగురు పిల్లలు, నాలుగు గదులు, నాలుగు ఏసీలు. ఫ్రిజ్‌లో ఒక్కో అరకి ఒక్కో పేరు అంటించారు. రాత్రి ఒకే గంటలో నాలుగు పొట్లాలు వేర్వేరుగా వచ్చాయి. ఎవరి తలుపు వాళ్లు తీసి, తీసుకుని, వేసుకున్నారు. వంటింట్లో స్టవ్ మెరిసిపోతోంది. ఇక్కడ కావలసింది నా చారు అని నాకు అప్పుడే అనిపించింది.

సరోజ: వాళ్లను తప్పు పట్టకు. ఒకామెకు లండన్ టైము, ఒకామెకు అమెరికా టైము. కష్టపడుతున్నరు, కొనుక్కుంటున్నరు. ఎవరూ పొయ్యి ముందు మాడిపోవుడు లేదు, అది మంచిదే. కానీ అరల మీద పేర్లు నాకు గూడ నచ్చలే. పేరు రాసిన డబ్బల మిగిల్చుడు అన్నది ఉండదు. మిగిలితే అది నాదే, లేకపోతే పారేస్తా. అందుకే పచ్చిపులుసు చెప్పిన. పేరు లేని గిన్నె ఒకటి ఆ ఫ్రిజ్‌ల ఉండాలె. ఏ రాత్రి ఎవరొచ్చినా తియ్యొచ్చు.

రమ: నలుగురూ దేని గురించీ మాట్లాడుకోకుండా తియ్యొచ్చు!

సరోజ: సరే, పంచుకుందాం. నలుగురు ఒకేసారి ఇంట్ల ఉన్న పూట నీ చారు. ఒక్కరు బయట ఉన్నా నా పులుసు. వాళ్లు నలుగురు ఒకేసారి ఇంట్ల ఉండేది ఎన్నడు?

రమ: ఆదివారం మధ్యాహ్నం. అదీ లేటుగా లేస్తారు.

సరోజ: అయితే ఆదివారం నీది, ఆరు రోజులు నావి. చారు వంటింట్లకు ఒక చిన్న ఫ్యాను గూడ కొనియ్యి. ఆ పిల్లలది కరెంటు పొయ్యి, మంట ఆరిపోతదన్న భయం లేదు.

రమ: కొనిస్తాను. కానీ చూడు, ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లలు కలుసుకుంటే ఆదివారం చారు గురించే చెప్పుకుంటారు.

సరోజ: చెప్పుకుంటరు. ఆరు రోజులు కడుపు నింపింది ఎవరికీ యాదికి రాదు. నా కొట్లాటంతా గందుకే.